యాపిల్‌లో ఎర్ర సగం

పగ పట్టడం నాకు బాగా వచ్చు. మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. కొందరికి పాటలు గుర్తుంటాయి, నాకు నన్ను అన్న మాటలు గుర్తుంటాయి. అన్నవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో, అప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరు గట్టిగా నవ్వారో, ఎవరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారో కూడా చెప్పగలను.

నేను సినిమాలకు డబ్బింగ్ చెప్పేదాన్ని. తెర మీద ఇంకొకావిడ పెదవులు కదుపుతుంటే, చీకటి గదిలో మైకు ముందు నిలబడి ఆ మాట నేను పలుకుతాను. పుట్టింది నగరిలో, మరమగ్గాల ఇంట్లో. మగ్గాలు ఆడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అందుకే మా ఇంట్లో అందరం గొంతు చించుకునే మాట్లాడతాం. అలా అరిచి అరిచి మిగిలిన వాళ్ళ గొంతులు బొంగురు పోయాయి, నాది పదునెక్కింది. "నీ గొంతు మగ్గాన్ని దాటుకోని వస్తాది పాపా" అని నాయన మురిసిపోయేవాడు. పెళ్ళయి తిరుపతికి వచ్చాక ఆ గొంతునే నమ్ముకుని మద్రాసు బస్సెక్కడం మొదలుపెట్టాను. తెలుగు డబ్బింగ్ పని అప్పట్లో ఎక్కువగా అక్కడే జరిగేది.

అప్పటికి పెళ్ళిపందిట్లో మాట్లాడే ఆడవాళ్ళకూ, ఆసుపత్రిలో నర్సులకూ చెబుతూ వస్తున్నాను. ఉన్నట్టుండి ఒక సినిమాలో హీరోయిన్‌కు చెప్పమన్నారు. ఆ వారమంతా నేల మీద నడవలేదు నేను. సగం సినిమా నిక్షేపంగా అయిపోయింది. తర్వాత ఒక ప్రేమ సీను వచ్చింది. హీరోయిన్ గుప్పిట మూసుకుని ప్రియుడి ముందు నిలబడి, "చూడు, నా చేతిలో ఏముందో చూడు" అనాలి. పొద్దుటి నుంచి నిలబడే ఉన్నాను, కాళ్ళు లాగుతున్నాయి, నోరు జారింది.

"సూడు, నా సేతిలో ఏముండాదో సూడు" అన్నాను.

మా వైపు ఏ ఆడపిల్లైనా అలాగే అంటుంది. వినే మొగుడు కరిగిపోతాడు కూడా. కానీ అక్కడ ఉన్నది మా వైపు మనిషి కాదు. మాటలు రాసేదీ, మాతో చెప్పించేదీ రెండూ ఆయనే. ఇన్‌ఛార్జి అనేవాళ్ళం. మైకు గదికీ రికార్డింగ్ గదికీ మధ్య పెద్ద అద్దం ఉంటుంది, ఆ అద్దం అవతల కుర్చీలో జారగిలబడి ఉండేవాడు. ఆడ ఆర్టిస్టులందరినీ 'బంగారం' అని పిలిచేవాడు. తిట్టే ముందు గొంతు సవరించుకుని, ముక్కుతో చిన్నగా నవ్వి, తేనె పూసినట్టు మొదలుపెట్టేవాడు. ఆ రోజూ అంతే. ముక్కుతో నవ్వాడు. "చూడమ్మా, బంగారం, ఇది ప్రేమ సీను. బాంబుల సీను కాదు. మరి... మళ్ళీ చెబుదామా?" అన్నాడు.

గదిలో ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. నవ్వనిది రికార్డింగ్ చేసే తమిళాయన ఒక్కడే. జాలితో కాదు, పాపం ఆయనకు అప్పటికి తెలుగు రాదు.

మళ్ళీ చెప్పాను. ఒళ్ళు మండుతుంటే నాలుక మాట వినదు, ఈసారి ఇంకా గట్టిగా 'సూడు' అనే వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి తిరిగి వచ్చేసరికి నా మైకు ముందు వేరే అమ్మాయి నిలబడి ఉంది. నేను చెప్పిన సగం కూడా ఆ అమ్మాయి చేతే మళ్ళీ చెప్పించారు. నా గొంతు ఆ సినిమాలో ఒక్క ముక్క కూడా మిగల్లేదు.

ఆ తర్వాత నాకు 'సీమ గొంతు' అని పేరు పడింది. కుళాయి దగ్గర కొట్లాడే ఆడది, ఫ్యాక్షనిస్టు పెళ్ళాం, దుమ్మెత్తిపోసే అత్త, ఇవే నా పాత్రలు. ఎవరినైనా నరకాలంటే మా మాట కావాలి, ఎవరినైనా ప్రేమించాలంటే మాత్రం గోదావరి నీళ్ళు తాగిన గొంతే కావాలి. చెప్పకపోతే పని లేదు. చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆ ముక్కునవ్వు నా చెవిలో మోగేది.

మద్రాసు బస్సు పుత్తూరు మీదుగా పోతుంది. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం అక్కడికి వస్తారు. చేతికో కాలికో వెదురు బద్దల కట్టుతో బస్సెక్కే మనిషిని చూసినప్పుడల్లా నాకు ఒకటే ఊహ. ఆ ఇన్‌ఛార్జి దవడ తప్పితే బాగుండు, నేనే దగ్గరుండి పుత్తూరుకు తీసుకొచ్చి, మళ్ళీ నోరు తెరవకుండా బిగించి కట్టండి సామీ అని చెబుతాను. ఈ ఊహతోనే నగరి దాకా హాయిగా పోయేదాన్ని.

ఊహలతో ఊరుకునే రకాన్ని కాదు కాబట్టి 'చ' నేర్చుకున్నాను. వంట చేస్తూ చిలక, చేట, చారు, చెంచా అని పలికేదాన్ని. చివరికి మా అక్కచెల్లెళ్ళు "ఏమే, వార్తలు సదివేదాని మాదిరి మాట్లాడతా ఉండావే" అని ఎగతాళి చేసేదాకా వచ్చింది. అయినా ఎవరూ హీరోయిన్‌కు పిలవలేదు. ఒకసారి పడ్డ పేరు మాసిపోదు. ఏళ్ళు గడిచాయి, జుట్టు నెరిసింది, కూతురికి పెళ్ళయింది, దానికో కూతురు పుట్టింది. మా అమ్మాయి ఉద్యోగానికి పోతుంది కాబట్టి మనవరాలు బడి వదిలాక నా దగ్గరే ఉంటుంది. ఒకటో తరగతి. అన్నం తినాలంటే దానికి ఏడుపు. ముద్ద ముద్దకూ బతిమాలాలి.

ఈమధ్య ఒక రోజు ఆ ఇన్‌ఛార్జే ఫోన్ చేశాడు. విదేశీ సినిమా ఒకటి తెలుగులోకి వస్తోందట. పిల్లలందరికీ తెలిసిన ఆ పాత జర్మన్ కథే. అద్దాన్ని అడిగి తన అందం తెలుసుకునే రాణి, ఆమెకు కంటగింపైన సవతి కూతురు, అడవిలో ఆ పిల్లను దాచుకున్న ఏడుగురు మరుగుజ్జులు, చివరికి విషం పెట్టిన యాపిల్ పండు. ఈసారి బొమ్మలతో కాదు, నిజం మనుషులతో తీశారట.

"సవతి తల్లి రాణికి నీ గొంతే కావాలి బంగారం. సీమ యాస పెట్టి దంచెయ్. పగ కనబడాలి" అన్నాడు.

"పగే కదా సార్. వస్తాను" అన్నాను. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను. మా అమ్మాయి భయపడి ఏమైంది అని అడిగింది.

మద్రాసు స్టూడియోకు పోతే అదే మనిషి. జుట్టుకు నల్లరంగు, చేతికి కొత్త గడియారం, అదే ముక్కునవ్వు. అద్దం అవతల తమిళాయన కూడా ఉన్నాడు, ఇప్పుడు ఆయనకు తెలుగు బాగా వచ్చు. నా చేతికిచ్చిన మాటలు చదువుకున్నాను. రాణి అద్దంతో "ఒరే అద్దమా, నిజం సెప్పరా, ల్యాకుంటే రగతం పారతాది" అంటుంది. చిత్తూరు జిల్లాలో ఏ ఆడది అద్దం ముందు నిలబడి అలా మాట్లాడుతుందో నాకు తెలియదు. అద్దం చూసుకుని మేమూ బొట్టే పెట్టుకుంటాం.

అప్పుడు బుర్రలో మెరిసింది. ఎంతో వినయంగా, "సార్, నాకు తెలియక అడుగుతున్నాను. కొలువులో ఉన్నప్పుడు రాణి కదా, దర్జాగా మీలాంటి వాళ్ళు మాట్లాడే తెలుగు మాట్లాడితే బాగుంటుందేమో. ముసలమ్మ వేషం వేసుకుని పండు ఇవ్వడానికి పోయినప్పుడు యాస పెడదాం. వేషం మారింది కాబట్టి మాటా మారుతుంది" అన్నాను.

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "నేను కూడా అదే అనుకుంటున్నా" అన్నాడు. అనుకోలేదని నాకూ తెలుసు, తమిళాయనకూ తెలుసు.

అద్దం సీను మొదలైంది. ఆ పిల్లే నీకంటే అందగత్తె అని అద్దం చెబుతుంది. అక్కడ రాణి మనకు వీపు చూపించి నిలబడుతుంది. డబ్బింగ్‌లో వీపు వరం లాంటిది. పెదవులు కనబడవు కాబట్టి ఏం కావాలంటే అది చెప్పుకోవచ్చు. నేను కళ్ళెత్తి నా ముందున్న అద్దంలోకి చూశాను. అందులో నా ముఖం మసకగా, దాని వెనకాల కుర్చీలో జారగిలబడిన ఆయన ముఖం స్పష్టంగా కనబడ్డాయి. గొంతు సవరించుకున్నాను. ముక్కుతో చిన్నగా నవ్వాను. చ అనే అక్షరాన్ని ఇన్నేళ్ళ కసితో నొక్కిపట్టి, తేనె పూసినట్టు పలికాను.

"చూడమ్మా, బంగారం. మరి... మళ్ళీ చెబుదామా?"

తమిళాయన తల వంచేశాడు. ఆయన భుజాలు ఊగుతున్నాయి. ఇన్‌ఛార్జి మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. పసిగట్టాడేమో అనుకున్నాను.

"అబ్బ! ఏం విషం! ఏం పొగరు! ఈ మనిషిని ఎక్కడ పట్టావు బంగారం?" అన్నాడు.

"అంతా మీ దగ్గర నేర్చుకున్నదే సార్" అన్నాను.

ఇక ఆగలేదు. సేవకుణ్ణి అడవికి పంపేటప్పుడూ, ఆ పిల్ల గుండె కోసుకురమ్మనేటప్పుడూ, రాణి నోట్లో ప్రతి మాటా ఆయనదే. ఆ దీర్ఘాలు, ఆ నసుగుడు, మాట చివర ఆ దొంగ మెత్తదనం. తన గొంతు తనకు తెలియని మనిషి ఎదురుగా కూర్చుని ఓకే, ఓకే అంటుంటే నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. పాపం అనిపించలేదా అంటే, లేదు.

చివరికి పండు సీను. ముసలమ్మ ముసుగు ముక్కు దాకా జారి ఉంటుంది, పెదవులు కనబడవు. కాగితం మీద, "తిను పిల్లా, నీ కోరికలన్నీ తీరతాయి" అని ఉంది. దాన్ని పక్కన పెట్టాను. బాంబులకు తప్ప పనికిరాదన్నాడు కదా మా మాట. అది ఎంత తియ్యగా ఉంటుందో, ఆ మాటకు కడుపు నిండిన పిల్ల కూడా ఎలా నోరు తెరుస్తుందో ఆయన చెవులతోనే వినిపించాలి అనుకున్నాను. ఇంట్లో నా మనవరాలికి అన్నం పెట్టే గొంతు తీసుకొచ్చి ఆ మైకులో పెట్టాను.

"ఒక్క ముక్క తినుమ్మా. నా తల్లి గదా. అవ్వ సెప్తా ఉండా గదా, ఏం గాదు, తిను."

తమిళాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇన్‌ఛార్జి కూడా ఆ ఒక్కసారి మళ్ళీ చెబుదామా అనలేదు. ఆ రోజు తిరుగు బస్సులో పుత్తూరు వచ్చినా దవడ కట్టు గురించి ఆలోచించలేదు.

సినిమా తిరుపతిలో విడుదలైన వారం, ఆదివారం ఉదయం ఆటకు మా అమ్మాయినీ మనవరాలినీ తీసుకుని పోయాను. హాలు నిండా పిల్లలు, పాప్‌కార్న్ వాసన. రాణి మొదటిసారి ముక్కుతో నవ్వి 'బంగారం' అనగానే, మా ముందు వరసలో ఒకామె పక్కనున్న ఆమెతో, "యాందిమే ఈ రాణి, ఈమెను సంపేయాల" అంది. లేచి ఆమెకు దండం పెట్టాలనిపించింది. అద్దం సీనుకు హాలు హాలంతా రాణిని తిట్టుకుంటుంటే నా కడుపు చల్లబడింది. మా అమ్మాయి నా చెవిలో, "అమ్మా, నీ గొంతని ఎవరూ కనిపెట్టలేరు" అంది. మనవరాలు కూడా కనిపెట్టలేదు. రాణిని చూసి నా కొంగులో దూరి కూర్చుంది.

తర్వాత ముసలమ్మ వచ్చింది. పండు చాపింది. కథ తెలిసిన పిల్లలందరూ ఒక్కసారిగా, "తినొద్దు, తినొద్దు" అని అరిచారు. వెనక నుంచి "తినబాకు పాపా" అని ఎవరో పెద్దవాళ్ళే గట్టిగా కేక వేశారు. అప్పుడు నా మాట వినబడింది, హాలంతా, నాలుగు వైపుల నుంచీ. ఒక్క ముక్క తినుమ్మా.

నా మనవరాలు కొంగులోంచి ముఖం బయటకు పెట్టింది. కుర్చీ మీద లేచి నిలబడింది. అందరి కంటే గట్టిగా, నగరి మగ్గాలను దాటే గొంతుతో అరిచింది.

"తినొచ్చు! మా అవ్వే! తినొచ్చు!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. తెర మీద పిల్ల ఇంకా అనుమానంగా చూస్తుంటే, ముసలమ్మ పండును రెండుగా కోసి, తెల్లగా ఉన్న సగం తను కొరికి చూపించి, ఎర్రగా ఉన్న సగం ఆ పిల్ల చేతికిచ్చింది. విషం ఎర్ర సగంలోనే ఉంది. పిల్ల కొరికింది, కింద పడింది, ఊపిరి ఆగిపోయింది. నా మనవరాలు నిలబడ్డది నిలబడినట్టే నా వైపు తిరిగింది. ఆ చూపు గురించి నేను ఎక్కువ రాయను. చివర్లో ఆ పిల్ల బతికి లేచింది కానీ, అప్పటికి నా మనవరాలు కొంగు వదిలిపెట్టి వాళ్ళమ్మ ఒళ్ళోకి పోయింది.

మరునాటి నుంచి నా చేతి ముద్ద దానికి వద్దు. ఒక్క ముద్ద, నా తల్లి గదా అని మొదలుపెట్టగానే పెదవులు బిగించేది. వాళ్ళమ్మ కలిపి డబ్బాలో పెట్టిపోయిన అన్నం చల్లారిపోయాక తనంతట తానే తినేది. "అది సినిమా పాపా, ఉత్తుత్తిదే" అని చెప్పాను. "ఆ పాప నీ మాట ఇనే తినింది గదవ్వా" అంది. మా అమ్మాయి నాలుగు రోజుల్లో మరిచిపోతుందిలే అంది. నా మనవరాలు అది, ఎలా మరిచిపోతుంది?

అలాంటి ఒక సాయంత్రం వంటింట్లో యాపిల్ కడుగుతుంటే ఇన్‌ఛార్జి ఫోన్ వచ్చింది. ఈ ఫోన్ కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో.

"ఏమ్మా, నన్ను వెక్కిరిస్తావా? స్టూడియోలో అడుగు పెడితే చాలు, అందరూ ముక్కుతో నవ్వి ఏం బంగారం అంటున్నారు. మా ఇంట్లో మా ఆవిడ కూడా! కావాలనే చేశావు కదూ?"

"మీరే గదా సార్ ఓకే సెప్పింది. అద్దంలో ఏముండాదో అదే సూపించినా నేను" అన్నాను. ఆయనతో మా మాటలో మాట్లాడటం అదే మొదలు.

"అసలు నేను నీకేం చేశానమ్మా?" అన్నాడు.

ఆయనకు గుర్తు లేదు. నిజంగానే గుర్తు లేదు. ఇన్నేళ్ళు నేను నిద్రలో కూడా మోసిన మాట, ఆయన అన్న పూటే నోరు కడుక్కుని మరిచిపోయాడు. సినిమా చూసి చల్లబడ్డ కడుపు మళ్ళీ భగ్గుమంది.

"సూడు, నా సేతిలో ఏముండాదో సూడు" అన్నాను.

"ఏంటది?"

"ప్రేమ సీను సార్. మరి... మళ్ళీ సెబుదామా?"

ఇక ఏ స్టూడియోలోనూ నీకు పని ఉండదు అని ఏదో మొదలుపెట్టాడు. నేను ముక్కుతో నవ్వాను. ఫోన్ పెట్టేశాడు. గెలిచాను. అనుకున్నదాని కంటే బాగా గెలిచాను. ఈ మాట ఎవరైనా తప్పంటే ఒప్పుకోను.

వెనక్కి తిరిగితే గుమ్మంలో మనవరాలు నిలబడి ఉంది.

"ఎవురితో అవ్వా కొట్లాడతా ఉండావు?"

"ఆ సెడ్డ రాణి లేదా, ఆమెతో."

"రాణి గూడా నువ్వే గదా, అమ్మ సెప్పినాది" అంది.

యాపిల్ రెండుగా కోశాను. ఒక పక్క బాగా ఎర్రగా పండింది, ఇంకో పక్క పాలిపోయి ఉంది. బతిమాలాలని నోటి దాకా వచ్చిన మాటను మింగేసి, పళ్ళెం దాని ముందు పెట్టి ఊరుకున్నాను. అది దగ్గరికి వచ్చింది. రెండు ముక్కలనూ మార్చి మార్చి చూసింది. ఎర్ర సగం తీసి నా చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు తిను" అంది.

కొరికాను. నేను నమిలి మింగేదాకా అది నా గొంతునే చూస్తూ నిలబడింది.